మోటబావి నీళ్లు, తెల్లమూత సీసా

మా ఆవిడ బాలమణి ఉన్నన్నాళ్లూ మా ఇంట్లో టీని చాయ అనే అనేది. విశాఖపట్నంలో పుట్టి పెరిగిన నాకు ఆ మాట మొదట్లో నవ్వు తెప్పించేది, తరువాత అలవాటైపోయింది. ఇప్పుడు ఎక్కడైనా ఎవరైనా ఆ మాట అంటే చటుక్కున వెనక్కి తిరిగి చూస్తున్నాను.

పొద్దున్నే టీ పెట్టడం మా ఇంట్లో నా వంతు. ఆమె మొదటి గుటక తాగి, గ్లాసు కింద పెట్టి, "మంచిగనే ఉంది గని, అది కాదు" అనేది. అది అంటే ఇబ్రహీంపట్నం అవతల ఒక పల్లెలో, వాళ్ల పిన్ని ఇంట్లో, చేనులోని మోటబావి నీళ్లతో పెట్టిన చాయ. ఆమె చిన్నతనమంతా అక్కడే గడిచింది. తరువాత వాళ్ల నాన్నకు రైల్వేలో ఉద్యోగం వచ్చి కుటుంబం మా ఊరికి మారింది. ఊరు మారింది గానీ ఆ చాయ మాత్రం ఆమె నాలుక మీద అలాగే ఉండిపోయింది.

నేను చూడబోతే ఉద్యోగమంతా నీళ్లు పరీక్షించి బతికినవాణ్ణి. తాగునీరు, సోడా, పళ్లరసం, కొబ్బరినీళ్లు, మనిషి గొంతులోకి దిగేది ఏదైనా సరే, అందులో సీసం ఎంత, కాడ్మియం ఎంత, రాగి ఎంత అని వెతకడమే నా పని. అలాంటివాడి ముందు రోజూ "అది కాదు" అంటే ఊరుకుంటానా? అరకు ఊటనీళ్లు తెచ్చాను, సింహాచలం కొండ ధార నీళ్లు తెచ్చాను. ఒకసారి చిటికెడు సున్నం కలిపాను. ఇంకోసారి ఇనుప మేకు వేసి మరిగించాను. "నన్ను చంపుతవా ఏంది?" అని నవ్వి, ఆ టీ కూడా తాగి, అది కాదంది.

పోయిన వానాకాలంలో బాలమణి చనిపోయింది. ఇద్దరం కలిసి వెళ్లి ఆ బావి నీళ్లు తెచ్చుకుందామని ఎన్నిసార్లు అనుకున్నామో. ఎండలు తగ్గనీ అనేది, మోకాళ్ల నొప్పి తగ్గనీ అనేది. ఈ మాఘమాసంలో నేనొక్కణ్ణే బయల్దేరాను. ఆమె నాలుక పట్టుకున్నదేమిటో ఒక్కసారి నేనూ పట్టుకోవాలి, ఆ చాయ ఒక్క గుటకైనా తాగాలి. నా కోరిక అంతే.

పల్లె పేరు మాత్రం రాయను. చుట్టూ ప్లాట్ల రాళ్లు పడుతున్నాయి, పేరు రాస్తే బ్రోకర్లు గుమ్మంలో కూర్చుంటారని వాళ్లే వద్దన్నారు.

సంచిలో ఏముంది

బట్టల కంటే సీసాలే ఎక్కువ. లీటరు సీసాలు మూడు. పలచని ఆమ్లంలో నానబెట్టి, ప్రయోగశాలలోని శుద్ధజలంతో పదేపదే కడిగినవి. రెండింటికి నీలంమూతలు, అవి ఖాళీ. మూడోదానికి తెల్లమూత, అందులో అదే శుద్ధజలం నిండా ఉంది. ఏ పానీయమైనా ఎదురైతే పడుతుందని పాత అలవాటు కొద్దీ ఒక బుల్లి సీసా కూడా వేసుకున్నాను.

తెల్లమూత సీసా సంగతి చెప్పాలి. నేను వెతికే లోహాలు నీళ్లలో ఉండీలేనట్టు ఉంటాయి. దారిలో దుమ్ము పడ్డా, నా చెయ్యి తగిలినా, మూతలోంచి ఏదైనా దిగినా లెక్క తప్పుతుంది. అందుకని ఏమీ లేని నీళ్లను కూడా వెంట తీసుకెళ్లి, బావి దగ్గర మూత తీసి, మళ్లీ పెట్టి, మిగతా సీసాలతో పాటు ఇంటికి తేవాలి. చివర్లో దాంట్లో ఏమైనా కనబడితే అది దారిలో అంటుకున్నది. దాన్ని తీసేస్తే మిగిలిందే బావిది. మేము దాన్ని బ్లాంకు అంటాం. బ్లాంకు లేకుండా వచ్చిన ఏ లెక్క కిందా నా ఉద్యోగంలో నేను సంతకం పెట్టలేదు. ఈ మాట మా ఆఫీసులో నా వెనక వేళాకోళంగా కూడా చెప్పుకునేవారు.

సాగర్ రోడ్డు

హైదరాబాదులో రైలు దిగి ఎల్బీనగర్ చేరి, ఇరవై రూపాయల ఇరానీ చాయ ఒకటి తాగాను. చిక్కగా, తియ్యగా, పాయసానికి తమ్ముడిలా ఉంది. పక్కనున్న పెద్దమనిషి దాన్ని సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగుతున్నాడు. మా వైపు సాసర్లో తాగడం ఇంట్లో చేస్తాం గానీ నలుగురిలో మొహమాటపడతాం. ఇక్కడ ఆ మొహమాటం లేదు.

ఇబ్రహీంపట్నం బస్సు నిండా ఆడవాళ్లే. ఈ రాష్ట్రంలో వాళ్లకు బస్సు ఉచితం, కార్డు చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు. డబ్బులిచ్చి టికెట్ కొన్నవాళ్లం వెనక నలుగురం మగవాళ్లం. నాదర్‌గుల్ వైపు నుంచి లేచిన చిన్న శిక్షణ విమానం ఒకటి బస్సు మీదుగా గుండ్రంగా తిరిగింది. తలెత్తి చూసింది నేనొక్కణ్ణే.

నా పక్కన ఒకావిడ కూర్చుంది. దవాఖాన నుంచి వస్తోందట, ఒళ్లో మందుల సంచి. కాసేపు నా కాళ్ల దగ్గరున్న సీసాల వంక చూసి అడిగింది.

"అన్నా, దూపైతుంది. గా నీళ్లు జర ఇయ్యరాదు."

దూప అంటే దాహం. బాలమణి పుణ్యమా అని నాకు తెలుసు. కానీ ఆవిడ చూపిస్తున్నది తెల్లమూత సీసా.

"ఇవి తాగే నీళ్లు కావమ్మా" అన్నాను.

"తాగకపోతే మల్ల ఎందుకు మోస్తున్నవ్?"

బ్లాంకు గురించి కదిలే బస్సులో చెప్పడం మొదలుపెట్టాను. ముందు సీటువాళ్లు కూడా వెనక్కి తిరిగారు. దాహమన్న మనిషికి నీళ్లివ్వకుండా సీసాను కాళ్ల మధ్య దాచుకున్న నన్ను బస్సంతా చూసింది. అంత సిగ్గు నాకు ఈ మధ్య కాలంలో కలగలేదు.

బొంగులూరు

ఔటర్ రింగురోడ్డు దగ్గర బస్సు ఆగీ ఆగగానే దిగి కొట్టుకు పరుగెత్తాను, ఆవిడకు నీళ్ల సీసా కొందామని. పక్కనే చెరుకురసం బండి. పచ్చటి రసం రోలర్ల మధ్య నుంచి ధారగా కారుతోంది. పాడు అలవాటు, కళ్లు రసం మీదకు కాకుండా రోలర్ల మీదకు పోయాయి. పుల్లటి నిమ్మకాయ కలిసిన రసం లోహాన్ని కొంచెం కొంచెంగా తింటుంది.

"ఏం చూస్తున్నవ్ సార్? గిలటు చేపిచ్చిన మెషిన్ ఇది, జంగు పట్టది" అన్నాడు బండి అతను. గిలటు అంటే లోహపు పూత, జంగు అంటే తుప్పు.

ఆ పూత ఏ లోహంతో వేయించావని అడగబోతుండగా బస్సు కదిలింది. నా సంచీ, సీసాలూ అందులోనే ఉన్నాయి. చేతిలో నీళ్ల సీసాతో నేను పరుగు, నా వెనక డబ్బులకోసం కొట్టువాడి కేకలు. అంతలో బస్సు లోపలి నుంచి రేకు మీద దబదబా బాదిన చప్పుడు వినిపించింది.

"ఆపుండ్రి, నీళ్ల సార్ ఎక్కలే."

దవాఖాన ఆవిడే. బస్సు ఆగింది, కొట్టువాడికి డబ్బులు అందాయి, నేను ఎక్కి ఆవిడకు సీసా ఇచ్చాను. సగం తాగి, మూత పెట్టి, మిగతా సగం నాకే ఇచ్చింది.

"నువ్వు ఉరికినవ్ గదా, నీకు సుత దూపైతది. ఇవైతే తాగేటియే" అంది.

బస్సంతా నవ్వింది. రెండుపక్కలా వెంచర్ల కమానులు, రంగురంగుల జెండాలు, పునాదులు తీసి వదిలేసిన ప్లాట్లు దాటుకుంటూ వెళ్లాం. ఈ రోడ్డు పక్కన జొన్నచేలు ఉండేవని, బస్సులో వెళ్తుంటే కంకులు చేతికి అందేవని బాలమణి చెప్పేది. నేను కిటికీ పక్కనే కూర్చున్నాను. ఒక్క కంకి కూడా కనబడలేదు.

చెరువు కట్ట

ఇబ్రహీంపట్నంలో జంగయ్య మోటారుసైకిల్ మీద వచ్చి కలిశాడు. బాలమణి పిన్ని కూతురు యాదమ్మకు భర్త, అంటే నాకు తోడల్లుడు. హైదరాబాదులో ఒక పెళ్లిలో కలిసినప్పుడు నల్లటి జుట్టుతో ఉన్నాడు, ఇప్పుడు తల ముగ్గుబుట్ట. పెద్దచెరువు కట్ట దగ్గర బండి ఆపి కొర్రమట్ట కొన్నాడు. మేం కొర్రమేను అనేది దాన్నే. కిలో ఐదువందలు. నేను జేబులో చెయ్యి పెట్టేలోపే ఇచ్చేశాడు.

"నువ్వు పైసలు ఇస్తే యాదమ్మ నన్ను ఇంట్లకి రానియ్యది అన్నా" అన్నాడు.

యాదమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. నేను బండి దిగగానే ఎదురొచ్చి, నా రెండు చేతులు పట్టుకుని, గొంతెత్తి ఏడ్చింది.

"అక్కను ఏడ ఇడిసొచ్చినవ్ బావా, ఒక్కనివే వచ్చినవా."

మా వైపు చావుకి పలకరించడానికి వచ్చినవాళ్లు గొంతు తగ్గించి, ఎలా జరిగింది అని అడిగి, టిఫిన్ చేశారా అంటారు. నెలల తరువాత కలిసినవాళ్లయితే ఆ ప్రస్తావనే తీసుకురారు, మనసు కష్టపెట్టడమెందుకని. ఇక్కడ చావు తరువాత మొదటిసారి కలిసినప్పుడు చేతులు పట్టుకుని ఏడవాల్సిందే. ఎన్ని నెలలైనా ఆ ఏడుపు బాకీ ఉంటుంది. విశాఖలో పెద్దమనిషి తరహాలో బిగబట్టుకుని కూర్చున్న నేను, ఆ వాకిట్లో, చేపల సంచీ పట్టుకున్న జంగయ్య ముందు, చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆ తరువాత యాదమ్మ కొంగుతో నా మొహం తుడిచి కాళ్లకు నీళ్లిచ్చింది. మనసు చాలా తేలికైంది.

వెంటనే చాయ వచ్చింది. నేను గబగబా గుటక వేసి, "ఇది బావి నీళ్లతోనేనా?" అని అడిగాను.

"గట్లెట్లయితది బావా, క్యాన్ నీళ్లు. ఇరవై రూపాయల క్యాన్ తెప్పిచ్చిన నీకోసం" అంది గొప్పగా.

ఆ పూట జొన్నరొట్టె, కొర్రమట్ట పులుసు, పచ్చిపులుసు. మా చేపల పులుసులో బెల్లం కలుస్తుంది, వీళ్లది కారానికి కారమే. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇవి వేరే నీళ్లు అని చెప్పాల్సి వచ్చింది.

మోటబావి

మర్నాడు పొద్దున్నే చేనుకి వెళ్లాం. జంగయ్య అక్కడ టమాటా, కొత్తిమీర వేస్తాడు. చుట్టూ మూడువైపులా తెల్లరంగు పూసిన ప్లాటు రాళ్లు. మధ్యలో బావి. చతురస్రంగా, రాతి కట్టుతో, ఒక పక్క మెట్లతో ఉంది. మోట తోలిన రోజుల నాటి రెండు రాతి దిమ్మెలు ఇంకా నిలబడే ఉన్నాయి. పక్కరాయి మీద తాడు ఒరుసుకుని పడిన గాడి నా వేలు పట్టేంత లోతుంది.

"మోటరు ఏస్త, పైపుకాడ పట్టుకో అన్నా" అన్నాడు జంగయ్య.

"వద్దు, పైపులోని ఇనుము కూడా వస్తుంది. నాకు బావి ఒక్కటే కావాలి" అన్నాను.

చేతికి తొడుగులు వేసుకుని, ప్లాస్టిక్ గిన్నెకు నైలాను తాడు కట్టి, మెట్లు దిగి ముంచాను. నీలంమూత సీసాల్ని బావి నీళ్లతోనే తొలిచి, పారబోసి, నింపాను. తెల్లమూత సీసా మూత తీసి కాసేపు గాలికి పెట్టి మళ్లీ బిగించాను. జంగయ్య దోసిలితో నీళ్లు ముంచి నా ముందు పట్టాడు. "తాగి చూడు."

"ఫలితం వచ్చాక తాగుతాను" అన్నాను. అది నా నోటి నుంచి ఆలోచించకుండా వచ్చిన మాట. ఉద్యోగంలో ఎన్నివేలసార్లు అని ఉంటానో. జంగయ్య ఆ నీళ్లు తనే తాగి, తడిచేతులు మొహానికి రాసుకున్నాడు.

యాదమ్మ అంబలి చెంబు పట్టుకుని వచ్చింది. మెట్ల చివర ఉన్న నున్నటి బండ చూపించింది.

"అక్క గీ బండ మీదనే కూసునేది. కాళ్లు నీళ్లల్ల ఏసి, ఉప్పు పొట్లం ఒళ్లె పెట్టుకొని చింతకాయలు తినేది. మా అమ్మ మొత్తుకునేది, బాయిల పడతవే అని. అక్క ఇనకపోయేది."

తొడుగులు తీసేసి ఆ బండ మీద కూర్చున్నాను. బండ చల్లగా ఉంది. ఆమె ఉన్నప్పుడు ఇక్కడికి రానందుకు నా మీద నాకేం కోపం రాలేదు. ఆమె పక్కన లేదే అన్నదే నా బాధ. అక్కడే చాలాసేపు కూర్చుండిపోయాను, అంబలి చల్లారిపోయిందని యాదమ్మ చెప్పేదాకా.

తరువాత డ్రాపరు తీసి మూడు సీసాల్లోనూ కొన్ని ఆమ్లం చుక్కలు వేశాను.

"ఏం మందు అది?" యాదమ్మ వంగి చూసింది.

"నీళ్లలో ఉన్న లోహాలు సీసా గోడలకు అంటుకుపోతాయి. ఇది వేస్తే నీళ్లలోనే నిలుస్తాయి."

"ఇగ తాగరాదా?"

"తాగకూడదు."

"మూడు సీసలల్ల పోసినవా?"

"మూడింట్లోనూ."

వేలితో చూపించి, "తెల్లమూత దాంట్ల ఏముంది?" అంది.

"ఏమీ లేదు. ఏమీ లేని నీళ్లు."

"ఏం లేని నీళ్లను గంత దూరం నుంచి మోసుకొచ్చినవా? మల్ల మోసుకొని పోతవా?" యాదమ్మ జంగయ్య వంక చూసింది. ఇద్దరూ నవ్వు ఆపుకోలేకపోయారు.

ఈతచెట్ల కింద

ఇంటి అల్లుడు వచ్చాడంటే కల్లు పోయించాల్సిందేనట. మా వైపు అల్లుడికి కాఫీ ఇచ్చి అరిసెలు పెడతాం, కల్లు మాట పెద్దల ముందు ఎత్తం. ఇక్కడ జంగయ్య నన్ను పట్టపగలు రోడ్డు మీదుగా, ఎదురైన ప్రతివాడికీ "మా అన్న, వైజాగ్ నుంచి వచ్చిండు" అని చెబుతూ ఈతవనానికి తీసుకుపోయాడు. సీసా నలభై రూపాయలు.

గీత కార్మికుడు మోకు భుజాన వేసుకుని అప్పుడే చెట్టు దిగాడు. నేను బుల్లి సీసా తీసి కల్లు పట్టమన్నాను. కల్లులాంటివాటిని నేరుగా యంత్రంలో పెట్టలేం. అందులోని చక్కెర, పులుపు అన్నీ ఆమ్లంలో మరగబెట్టి కరిగించాలి, మిగిలిన తేటలో లోహాలు వెతకాలి. ఇదంతా అతనికి చెప్పాను.

"తాగకుండ ఉడకబెడతవా?" అని చెట్టు వంక చూశాడు, చెట్టుకు క్షమాపణ చెప్పినట్టు. సీసా మాత్రం అంచు దాకా నింపాడు. నేను మూత గట్టిగా బిగించాను. ఆ బిగింపు గురించి తరువాత చెబుతాను.

ఆ సాయంత్రం ధైర్యం చేశాను. ఫలితం ఇంకా రాలేదు, అయినా సరే, రేపు పొద్దున్నే ప్రయాణం.

"యాదమ్మా, రేపు వెళ్లేముందు ఆ బావి నీళ్లతో ఒక చాయ పెడతావా?"

"చీ, ఏం మాట బావా. ఇంటికొచ్చిన బావకు బాయినీళ్ల చాయ పోస్తనా? గా నీళ్లు ఇప్పుడు బర్లకు, చేనుకే. ఎవలన్న జూస్తే క్యాన్‌కు సుత పైసలు లేవా అని నవ్వుతరు."

"మీ అక్క..."

"అక్క కాలం వేరు" అంది యాదమ్మ. నేను రెండోసారి అడగలేదు.

తిరుగు ప్రయాణం

పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి సంచి సర్ది ఉంది. జొన్నరొట్టెలు, బెల్లం వేసి ముద్దలు కట్టిన మలీద, పండుమిర్చి తొక్కు, వాటి మధ్య బట్టల్లో చుట్టిన సీసాలు. జంగయ్య చేను నుంచి వచ్చి కూర్చున్నాడు, కాళ్లకు తడిమట్టి ఇంకా ఆరలేదు. యాదమ్మ చాయ గ్లాసు చేతికిచ్చింది. మీగడ తేలుతోంది. ఒక గుటక వేశాను. చిక్కటి బర్రెపాలు.

"చుక్క నీళ్లు కలపలే బావా, అన్ని పాలే" అంది.

నాకు చేయగలిగిన అత్యంత గౌరవం అది. ఆ నీళ్లకోసం అంతదూరం వచ్చిన నాకు అసలు నీళ్లే లేని చాయ దొరికింది. నవ్వాలో ఏడవాలో తెలియక మొత్తం తాగేశాను. యాదమ్మ నా మొహం చూస్తూనే ఉంది.

"మల్ల ఎప్పుడొస్తవ్? పైలంగ పో" అంది. పైలం అంటే జాగ్రత్త. బాలమణి నన్ను రోజూ ఆఫీసుకు పంపేటప్పుడు అదే మాట అనేది.

రైల్లో భోంచేసి కాస్త కునుకు తీస్తుంటే సీటు కింద ఢామ్మని పేలింది. పక్కనున్న ముసలావిడ దేవుణ్ణి తలుచుకుంది, ఎదుటి సీటాయన కాళ్లు పైకెత్తేశాడు. నేను బిగించిన కల్లు సీసా. కల్లు పులుస్తూనే ఉంటుందని, గాలికి కాస్త ఖాళీ ఉంచాలని, మూత వదులుగా పెట్టాలని కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పినవాణ్ణి నేనే. బోగీ అంతా కల్లు వాసన. "సార్ చూడ్డానికి మాస్టారిలా ఉన్నారు" అని ఎవరో అన్నారు. పరీక్ష కోసం తెచ్చానన్నాను. అందరూ తలలూపారు, ఒక్కరూ నమ్మలేదు. నీళ్ల సీసాలు మూడూ తుడిచి చూశాను. మూతలు చెక్కుచెదరలేదు, అదొక్కటే ఊరట. ఇల్లు చేరేదాకా సంచిని ఒళ్లోనే పెట్టుకున్నాను.

ప్రయోగశాల

శ్రావణి ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి, ఇప్పుడు ఒక ప్రయోగశాలకు పెద్ద. సీసాలు ఆమెకిచ్చాను. లోహాల్ని పట్టే రెసిన్ పూసలున్న సన్నటి గొట్టంలోంచి నీళ్లు చుక్కచుక్కగా పంపుతారు. లోహాలు పూసలకు అంటుకుంటాయి, నీళ్లు పోతాయి. తరువాత కొంచెం ఆమ్లం పోసి వాటిని కిందికి దింపుతారు. వెన్న చిలికినట్టే, పెద్దగిన్నెడు మజ్జిగలో ఎక్కడెక్కడో ఉన్నది ఒక ముద్దలోకి వస్తుంది. అప్పుడు యంత్రానికి కనబడుతుంది.

రెండు రోజుల తరువాత శ్రావణి ఇంటికే వచ్చింది. సీసాలు కూడా వెనక్కి తెచ్చింది. మొహం బాగాలేదు.

"సార్, బావి నీళ్లలో భయపడేదేమీ కనబడలేదు. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ లేనట్టే. కాస్త ఇనుము, జింకు ఉన్నాయి, సున్నపు గుణం బాగా ఉంది. కానీ మీ బ్లాంకు..."

"బ్లాంకుకి ఏమైంది?"

"అచ్చం బావిలాగే ఉంది సార్. దాంట్లో ఆమ్లం కూడా లేదు. మీరు వెయ్యడం మరిచిపోయారా?"

"నా చేత్తో వేశాను."

"మరి నాకు అర్థం కావడం లేదు. ఏదేమైనా రిపోర్టు ఇవ్వలేను సార్. బ్లాంకు లేకుండా సంతకం పెట్టొద్దని మీరే నేర్పారు."

ఆమె వెళ్లాక చాలాసేపు తెల్లమూత సీసాను చేతిలో పట్టుకుని కూర్చున్నాను. దుమ్ము కాదు, చెయ్యి తగలడం కాదు, ఏ దారీ లీటరు శుద్ధజలాన్ని బావినీళ్లుగా మార్చదు. చివరికి యాదమ్మకు ఫోన్ చేశాను.

"యాదమ్మా, నా తెల్లమూత సీసాలో నీళ్లేమైనా మార్చావా?"

అవతల గిన్నె కింద పెట్టిన చప్పుడు.

"అవ్ బావా, మార్చిన. తిడతవా?"

"తిట్టను, చెప్పు."

"నువ్వు బాయినీళ్ల చాయ అడిగినవ్, నేను పోయకపోతి. నలుగురు నవ్వుతరని. రాత్రంత మనసున పడ్డది. పొద్దుగాల నువ్వు పాల చాయ తాగుతుంటె నీ మొఖం జూస్తే మనసొప్పలే. కని నేను అంతకు ముందే చేసిన ఆ పని. నువ్వు తానం చేస్తున్నప్పుడే మా ఆయన్ను బాయికాడికి తోలి నీళ్లు తెప్పిచ్చిన. గా మూడు సీసలల్ల నువ్వు మందు పోస్తివి, తాగరాదంటివి. అక్క తాగిన నీళ్లు ఒక్క సీసన్న తాగేటట్టు ఇంటికి పోవద్దా? తెల్లమూత దాంట్ల ఏం లేదన్నవ్ గదా. పారబోసి, నాలుగుసార్లు బాయినీళ్లతోనే తొలిసి నింపిన. నీకు చెప్తే వద్దంటవని చెప్పలే."

లైనులో వాళ్ల బర్రె అరుపు వినిపిస్తోంది.

"చాయ పెట్టుకున్నవా?" అంది.

"ఇప్పుడు పెడతాను" అన్నాను.

చాయ

సీసాలో సగానికి పైగా మిగిలే ఉంది. ఒక గ్లాసు నీళ్లు కొలిచి గిన్నెలో పోశాను. బాలమణి వాడిన టీపొడే వేశాను. నీళ్లు మరిగేకొద్దీ మా కుళాయి నీళ్లకంటే నల్లబడ్డాయి, పైన సన్నటి తెట్టులాంటిది తేలింది. సున్నపు గుణం. పాలు పోశాక రంగు ఇటుకపొడికీ బెల్లానికీ మధ్య ఎక్కడో ఆగింది. గ్లాసులో వంచుకుని, ఆమె కూర్చునే కుర్చీకి ఎదురుగా కూర్చుని, మొదటి గుటక వేశాను.

కొంచెం ఉప్పగా ఉంది. చివర్లో నాలుక అంచున ఏదో కాస్త బిగబట్టినట్టు ఉంది. బాగుందా అంటే చెప్పలేను. రెండో గుటక వేసి, గ్లాసు కింద పెట్టి, అలవాటుగా ఎదురుగా చూశాను. అది అవునో కాదో చెప్పగలిగిన నాలుక ఒక్కటే ఉండేది. ఏ యంత్రానికీ చేతకాని కొలత అది. ఆ కుర్చీలోంచి ఎవరూ ఏమీ అనలేదు. నేను వెతుక్కుంటూ పోయింది నీళ్ల రుచిని కాదని, ఆ మనిషి గ్లాసు కింద పెట్టి అనే ఆ ఒక్క మాటనని అప్పుడు తెలిసింది. అన్నీ దొరికాయి, అదొక్కటే దొరకలేదు. గ్లాసు పట్టుకుని ఏడ్చాను, ఈసారి పక్కన యాదమ్మ కొంగు లేదు.

ఫోన్ మోగింది. యాదమ్మే, ఆగలేక మళ్లీ చేసింది.

"తాగినవా బావా? అదేనా?"

బావి నీళ్లు సరే, బ్లాంకు లేదు. పోల్చడానికి పాత నమూనా లేదు. సరిచూడటానికి మనిషి లేదు.

"అదేనమ్మా. అదే" అన్నాను.

బ్లాంకు లేకుండా నా జీవితంలో నేను ఇచ్చిన రిపోర్టు అదొక్కటే.